మన చిన్న వ్యాపారాలు – సామాజిక మాధ్యమాలు

(అమలాపురంలో చిరు వ్యాపారులు, ఇంటి వద్ద పని చేసుకునే మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

హక్కుల గురించి మాట్లాడేవారు వాట్సాప్‌లో సరుకు అమ్ముకోవడం గురించి ప్రసంగించడమేమిటని ఇక్కడికి రాకముందు ఇద్దరు ముగ్గురు మిత్రులు మమ్మల్ని అడిగారు. వక్ఫ్ భూముల సమస్య ఉంది, విద్యార్థుల ఉపకార వేతనాల సమస్య ఉంది, వాటిని వదిలి ఇదా అన్నారు. వాటిని వదలలేదు. కానీ ఈ సభలో కూర్చున్నవారిలో ఎక్కువ మందికి నెల తిరిగేసరికి జీతం రాదు. ఉదయం షట్టరు ఎత్తితేనో, పండ్ల బండి తోసుకుంటూ బయలుదేరితేనో, కుట్టుమిషను ముందు కూర్చుంటేనో వచ్చేదే ఆదాయం. ఆ ఆదాయం కొనేవారి మీద ఆధారపడి ఉంది. కొనేవారు ఇప్పుడు వీధిలోకి రాకముందే ఫోనులో వెతుకుతున్నారు. కనుక ఇది కూడా మన బతుకు చర్చే, హక్కుల చర్చే.

జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ నివేదిక 2006 నవంబరులో వచ్చింది. చాలా వేదికల మీద దాని పేరు చెబుతాం, చదివేది మాత్రం తక్కువ. ముస్లిం శ్రామికులలో సుమారు 61 శాతం మంది స్వయం ఉపాధి మీద ఆధారపడి ఉన్నారని, హిందూ శ్రామికులలో అది 55 శాతమని ఆ నివేదిక చెప్పింది. పని చేసే ముస్లిం మహిళలలో 70 శాతం మంది ఇంటి ఆవరణలోనే పని చేస్తున్నారని, శ్రామిక మహిళలందరినీ కలిపి చూస్తే ఆ సంఖ్య 51 శాతమని కూడా చెప్పింది. వీధి వ్యాపారంలో మనవారు ఎక్కువ, బ్యాంకు రుణాలలో తక్కువ అని లెక్కలు చూపింది. ఆ నివేదిక వచ్చేనాటికి వాట్సాప్ అనేదే లేదు. కానీ ఆ లెక్కలు చదువుతుంటే ఈనాటి ఫోను ఎవరికి ఎక్కువగా ఉపయోగపడాలో అర్థమవుతుంది. పెద్ద అద్దె కట్టి మెయిన్ రోడ్డులో దుకాణం తెరవలేనివారికి, ఇల్లు దాటి బజారుకు రాలేనివారికి అది అందరికంటే ఎక్కువ అవసరం.

ఇక కోనసీమ సంగతి. ఇక్కడ మన సంఖ్య తక్కువ. గుంటూరులో, కర్నూలులో, కడపలో మన మొహల్లాను నమ్ముకొని ఒక బిర్యానీ హోటలు నడవవచ్చు. అమలాపురంలో, రాజోలులో, కొత్తపేటలో అలా నడవదు. మన దగ్గర కొనేవారిలో నూటికి తొంభై మంది మన మతం వారు కారని అంటే మీలో ఎవరూ కాదనలేరు. జాకెట్టుకు మగ్గం పని చేయించుకునే పెళ్లికూతురు, ఏసీ బాగు చేయించుకునే మాస్టారు, ఆదివారం మాంసం కొనే రైతు, అందరూ ఇరుగు పొరుగువారే. కాబట్టి ఇక్కడ మనం సామాజిక మాధ్యమంలో ఒక ఫోటో పెట్టడమంటే సరుకు చూపించడం ఒక్కటే కాదు. పొరుగువారికి మనం ఎవరమో, ఎలా పని చేస్తామో మన నోటితో మనమే చెప్పుకోవడం కూడా. మనం చెప్పకపోతే మన గురించి మరొకరు చెబుతారు. ఆ మాటకు తరువాత వస్తాం.

మొదట మన పక్క ఊరి నుంచి నేర్చుకుందాం. కొత్తపేటకు ఆత్రేయపురం దగ్గరే. ఆ ఊరి పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టుకున్న అక్కడి తయారీదారుల సంక్షేమ సంఘం దానికి దరఖాస్తు చేసింది. ఆ మిఠాయి గతంలో పెళ్లిళ్లకు, పండుగలకు, చుట్టాల సంచుల్లో ప్రయాణించేది. ఇప్పుడు శనివారం వాడపల్లి వెంకన్న దర్శనానికి వచ్చినవారు దారిలో కొంటారు, రాలేనివారు ఫోనులో తెప్పించుకుంటారు. మంచి సరుకు ఎన్నో ఊళ్లలో ఉండగా ఈ ఊరి సరుకే ఇంత దూరం ఎందుకు వెళ్లిందని మేము ఆలోచించాం.

పూతరేకుల గురించి ఫోనులో తిరిగే వీడియోలు చూడండి. వాటిలో ఎక్కువసేపు కనబడేది పెట్టెలో సర్దిన మిఠాయి కాదు, బోర్లించిన కుండ. కుండ కింద ఎండు కొబ్బరాకు మంట. పలుచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డను ఒక స్త్రీ కుండ మీద ఇలా లాగి అలా తీయగానే కాగితం కంటే పలుచని రేకు లేస్తుంది. ఆ క్షణాన్ని ఎవరైనా రెండోసారి చూస్తారు. చూసినవారు పక్కవారికి చూపిస్తారు. అక్కడ “రండి, కొనండి” అన్న మాట లేదు. చేతిపని ఉంది, దాని వెనుక ఏళ్ల అలవాటు ఉంది, ఊరి పేరు ఉంది. కొనాలన్న కోరిక చూసేవారిలో దానంతట అదే పుడుతుంది.

మన దగ్గర అలాంటి పనులు లేవా? మగ్గం మీద బిగించిన గుడ్డలో సూది కింద నుంచి దారాన్ని లాగి జర్దోసీ పువ్వు విప్పడం ఉంది. దమ్ బిర్యానీ డేక్సా మూత చుట్టూ పిండి అంటించి, పైన నిప్పులు వేసి, గంట తరువాత మూత తీయడం ఉంది. పాడైన మదర్‌బోర్డును భూతద్దం కింద పెట్టి వెంట్రుకంత తీగ అతికించే కుర్రవాడు ఉన్నాడు. పాత పరుపులోని దూదిని ఏకి మళ్లీ పరుపు కుట్టే పెద్దాయన ఉన్నాడు. ఇవన్నీ మనకు రోజూ చూసే పనులు కాబట్టి గొప్పగా అనిపించవు. ఇంతకాలం మనం ఫోనులో పెట్టినవేమిటి? పండుగ శుభాకాంక్షల బొమ్మలు, “50 శాతం తగ్గింపు” అని ఎర్ర అక్షరాలు, ఎవరో చేసిన వీడియోలు. అవి అందరి దగ్గరా ఉన్నాయి. మీ పని మీ దగ్గరే ఉంది. ముప్పై సెకన్లు, పగటి వెలుతురులో, కిటికీ పక్కన, ఫోను కదలకుండా నిలబెట్టి తీస్తే చాలు. సంగీతం కూడా అవసరం లేదు. మూకుడులో నూనె శబ్దం, మిషను శబ్దం సరిపోతాయి.

భాష విషయం ఒకటి చెప్పాలి. మన ఇళ్లలో ఉర్దూ మాట్లాడతాం, బజారులో తెలుగు మాట్లాడతాం. ఫోనులోకి వచ్చేసరికి మాత్రం చాలామంది ఇంగ్లీషు అక్షరాలలో రాస్తున్నారు. కొనేవారు తెలుగువారు. ముఖ్యంగా వంటిల్లు నడిపే తల్లులు, వయసు మళ్లినవారు తెలుగు లిపిలో ఉన్నది ఆగి చదువుతారు. రాయడం రాకపోతే ఫోనులోని మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అదే తెలుగులో రాస్తుంది. తప్పులుంటే ఇంట్లో పదో తరగతి పిల్ల దిద్దుతుంది. పైగా ఇది గోదావరి జిల్లా. ఇక్కడ పలకరింపు చివర “అండీ” లేకపోతే తిట్టినట్టే లెక్క. “ఎంత?” అని ఒకరు అడిగితే “350” అని అంకె ఒక్కటే కొట్టి పంపడం మన మర్యాద కాదు. “మూడు వందల యాభై అండి, రేపు సాయంత్రానికి సిద్ధం చేస్తాం” అనాలి. దుకాణంలోకి వచ్చినవారిని స్టూలు వేసి కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చే మనమే ఫోనులో ఎందుకంత కటువుగా మారతామో మాకు అర్థం కాదు.

ధర దాచడం ఇంకొక దురలవాటు. వస్తువు ఫోటో పెడతారు, ధర అడిగితే “పర్సనల్‌గా మెసేజ్ చేయండి” అంటారు. అడిగేవారికి అందులో అనుమానమే కనబడుతుంది. ముఖం చూసి ధర చెబుతారేమో అనుకుంటారు, వెళ్లిపోతారు. ధర రాయండి. కొలతను బట్టి మారేదైతే “ఇంత నుంచి ఇంత వరకు” అని రాయండి. వాట్సాప్ బిజినెస్ అనే యాప్ 2018 నుంచి ఉంది, చిన్న వ్యాపారికి ఉచితం. అందులో వస్తువుల జాబితా ఫోటోలతో, ధరలతో ఒకసారి పెట్టుకుంటే, అడిగిన ప్రతివారికీ మళ్లీ మళ్లీ ఫోటోలు పంపే పని ఉండదు. దుకాణం వేళలు, చిరునామా కూడా అందులోనే ఉంటాయి. రాత్రి వచ్చిన సందేశానికి “ఉదయం తొమ్మిదికి జవాబిస్తాం అండి” అని దానంతట అదే చెప్పే ఏర్పాటు ఉంది.

ఆ ఏర్పాటు మన కోనసీమకు మరీ అవసరం. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఎన్ని ఇళ్ల నుంచి మన అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు కువైట్, ఖతర్, దుబాయ్, మస్కట్ వెళ్లారో మీకు తెలుసు. ఇళ్లలో పని చేసే స్త్రీకి రాత్రి పదింటికి గాని ఫోను పట్టుకునే తీరిక దొరకదు. కువైట్‌లో రాత్రి పది అంటే మనకు పన్నెండున్నర. అప్పుడు ఆమె అడిగేది తన కోసం కాదు. “మా అమ్మాయి పుట్టినరోజుకు గౌను కుట్టి ఇంటికి పంపిస్తారా?” అని, “మా నాన్నకు పండుగ రోజు బిర్యానీ చేరుతుందా?” అని అడుగుతుంది. డబ్బు అక్కడి నుంచి వస్తుంది, సరుకు ఇక్కడే మూడు కిలోమీటర్ల దూరంలో అందించాలి. ఇంతకంటే మంచి ఖాతాదారు ఎవరు? గౌను వేసుకున్న పిల్ల ఫోటో ఆ తల్లికి తిరిగి పంపిస్తే, ఆమె పక్క ఇళ్లలో పనిచేసే నలుగురికి చూపిస్తుంది. ఆ ఫోటో ఆమెకు మాత్రమే పంపాలి. పిల్ల ఫోటోను మన ప్రచారానికి వాడుకోకూడదు.

అలాగే సంక్రాంతికి హైదరాబాద్, బెంగళూరు నుంచి వచ్చేవారు రావులపాలెం దాటకముందే కారులో కూర్చొని దగ్గరలోని హోటలు, టైలరు, పంచరు షాపు వెతుకుతారు. గూగుల్ పటంలో మీ దుకాణం ఉందా? ఉంటే ఫోను నంబరు సరైనదేనా? వేళలు సరిగా ఉన్నాయా? శుక్రవారం మధ్యాహ్నం జుమా నమాజుకు మూసివేస్తే అదీ రాయండి. మూసిన తలుపు ముందు నిలబడినవారు మళ్లీ రారు.

ఇప్పుడు అసలు కష్టమైన ప్రశ్నకు వద్దాం. ఇక్కడికి వచ్చినవారిలో ఒక సోదరుడు ఇందాక బయట అడిగారు, “పేజీకి నా పేరు పెట్టాలా, లేక పేరు తెలియకుండా ఏదో ఒక పేరు పెట్టుకోవాలా?” అని. అడగడానికి ఆయన కొంచెం సిగ్గుపడ్డారు. సిగ్గుపడవలసింది ఆయన కాదు.

2020 మార్చి చివర, ఏప్రిల్ నెలల్లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. ఢిల్లీ నిజాముద్దీన్‌లో తబ్లీగీ సమావేశానికి వచ్చినవారికి వ్యాధి సోకిందన్న వార్త తరువాత ట్విటర్‌లో ‘కరోనా జిహాద్’ అన్న మాట లక్షల నోళ్లలో నానింది. పండ్ల మీద ఉమ్మి రాసి అమ్ముతున్నారంటూ వీడియోలు తిరిగాయి. మధ్యప్రదేశ్‌లోని రాయ్‌సేన్‌కు చెందిన ఒక పండ్ల వ్యాపారి వీడియో అలా తిరిగింది. అది ఫిబ్రవరిలో తీసినదని, వ్యాధికి దానికి సంబంధం లేదని తరువాత తేలింది. తేలేలోపు ఎన్ని వీధులలో ఎంతమంది బండ్లు వెనుదిరిగాయో లెక్క లేదు. 2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం ఆ సమావేశానికి వచ్చిన విదేశీయుల మీది కేసులను కొట్టివేస్తూ ప్రసార మాధ్యమాల ప్రచారాన్ని తప్పుపట్టింది. తీర్పు వచ్చింది. బండి దగ్గరకు తిరిగి రాని ఖాతాదారు ఆ తీర్పు చదవడు.

2024 జూలైలో కావడి యాత్ర దారిలోని తినుబండారాల దుకాణాలు యజమానుల పేర్లు బయట రాయాలని ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్‌లలో ఆదేశాలు వచ్చాయి. జూలై 22న సుప్రీంకోర్టు వాటి అమలును ఆపింది. ఏ ఆహారం వడ్డిస్తున్నారో చెప్పమనవచ్చు గాని, యజమాని పేరు, సిబ్బంది పేర్లు చెప్పమని బలవంతం చేయకూడదన్నది. ఇందులో మనకు కావలసిన తేడా ఉంది. పేరు బలవంతంగా రాయించడం వేరు. మన ఇష్టంతో మన పేరు చెప్పుకోవడం వేరు. మొదటిది అవమానం. రెండవది మన స్వేచ్ఛ.

మా సలహా ఇది. దుకాణం పేరు ఏదైనా పెట్టుకోండి, “గోదావరి బిర్యానీ” అనండి, “కోనసీమ బొటిక్” అనండి, అది వ్యాపార విషయం. కానీ ఎవరు నడుపుతున్నారో దాచకండి. కోనసీమ చిన్న ప్రాంతం. ఎవరి దుకాణం ఏదో వారం తిరగకుండా అందరికీ తెలుస్తుంది. దాచింది బయటపడితే మొదట వచ్చే మాట “ఎందుకు దాచారు?” అన్నదే. పుకారుకు దానికంటే మంచి ఎరువు లేదు. పేరుతో, ముఖంతో, ఇరవై ఏళ్లుగా ఇదే సెంటరులో ఉన్నామన్న మాటతో పేజీ ఉంటే, ఎక్కడో పుట్టిన వీడియో వచ్చిన రోజున మీ ఖాతాదారుకు రెండు బొమ్మలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి తెలియని ఊరిలోని తెలియని మనిషి. రెండోది పోయిన నెలలో తన కూతురి ఓణీల ఫంక్షనుకు వంట చేసిన మీరు. అప్పుడు కూడా అందరూ మీ వైపే నిలబడతారని మేము హామీ ఇవ్వలేము. కొందరు వెళ్లిపోతారు. కానీ పేరు దాచుకున్నవారికి నిలబడే ఆ కొందరు కూడా మిగలరు.

పుకారు మీ మీదికే వస్తే ఏం చేయాలి? మొదటి గంటలోనే కోపంతో జవాబు రాయకండి. ఆ పోస్టు ఫోటో తీసి పెట్టుకోండి, తేదీ, సమయం, పెట్టినవారి ఖాతా పేరు, లింకు భద్రపరచండి. తరువాత అది తొలగిపోవచ్చు. ఖండించడానికైనా సరే ఆ వీడియోను మీరు పంచకండి, చూడనివారికి మీరే చూపించినట్లవుతుంది. దాని బదులు మీ వంటిల్లు, మీ శుభ్రత చూపించే మీ వీడియో పెట్టండి. మీ పాత ఖాతాదారులకు, ముఖ్యంగా ఇతర మతాల వారికి, ఫోను చేసి మాట్లాడండి. మీ గురించి వారు చెప్పే ఒక్క మాట మనం రాసే పది ఖండనలకు సమానం. ప్రతి పెద్ద మాధ్యమ సంస్థకూ మన దేశంలో ఫిర్యాదుల అధికారి ఉండాలని 2021 ఐటీ నియమాలు చెబుతున్నాయి, అక్కడ ఫిర్యాదు చేయండి. ఒక మతం వారి దగ్గర కొనవద్దని ద్వేషం రెచ్చగొట్టేది అయితే భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ ఉంది. ఠాణాకు ఒంటరిగా వెళ్లకండి. మనలో న్యాయవాదులు ఉన్నారు, కార్యకర్తలు ఉన్నారు, వెంట వస్తారు.

సోదరీమణులకు విడిగా నాలుగు మాటలు. ఇంట్లో కూర్చొని కుట్టేవారు, మగ్గం పని చేసేవారు, అప్పడాలు, పచ్చళ్లు, మిఠాయిలు చేసేవారు ఫోనులోకి రావడానికి వెనుకాడడం సహజం. ముఖం చూపించవలసిన అవసరం లేదు. పూతరేకుల వీడియోలలో మనం చూసేది చేతులనే కదా. మీ చేతులు, మీ పని చూపించండి. సొంత నంబరు వేరు, వ్యాపారం నంబరు వేరు ఉంచుకోండి. ఇంటి చిరునామా పూర్తిగా పెట్టకండి, ఏ సెంటరు దగ్గరో చెబితే చాలు. ఫోటోలో ఇంటి తలుపు, పిల్లల స్కూలు యూనిఫారం కనబడకుండా చూసుకోండి. అసభ్యంగా రాసినవారికి జవాబివ్వకండి, సాక్ష్యం తీసిపెట్టుకొని బ్లాక్ చేయండి. అది మీ తప్పు కాదు, దాని కోసం వ్యాపారం మూసివేయనక్కర లేదు.

ఇంకొక మాట, ఇది ఇక్కడున్న సోదరులు కూడా వినాలి. ఫోన్‌పే, గూగుల్‌పేలకు ఆమె బ్యాంకు ఖాతానే కలపండి. చాలా ఇళ్లలో పని ఆమెది, క్యూఆర్ కోడ్ భర్తది లేదా అన్నది. స్త్రీ సంపాదన ఆమె సొంతమని మన షరీఅత్ ఎప్పుడో చెప్పింది. ఆమె ఖాతాలో నెలనెలా పడిన డబ్బు కనబడితే రేపు బ్యాంకు ఆమెకు రుణం ఇవ్వడానికి ఒక ఆధారం ఉంటుంది. సచార్ కమిటీ చెప్పిన రుణాల లోటు కొంతైనా అలా తగ్గుతుంది.

ఫోటోల విషయంలో నిజాయితీ గురించి చెప్పకుండా ముందుకు పోలేము. ఇంటర్నెట్‌లో ఎవరో చేసిన జాకెట్టు ఫోటో తెచ్చి తమ పేజీలో పెట్టుకునేవారు ఉన్నారు. రంగులు మెరిసేలా మార్చి పెట్టేవారు ఉన్నారు. ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూసి, అడుగున తడి తగిలినందుకు ఆ తడిసిన గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ప్రవక్త ముహమ్మద్ (స) ఒక వర్తకుణ్ణి నిలదీసిన ఉదంతం మనకందరికీ తెలుసు. వానకు తడిసిందని ఆ వర్తకుడు చెప్పుకున్నాడు. తడవడం తప్పు కాదు, కనబడకుండా పెట్టడం తప్పు. గుడ్డ రంగు ఎండలో కొద్దిగా వేరుగా కనిపిస్తే అది రాయండి. మామిడికాయ ఈ ఏడు పులుపు తక్కువైతే అదీ రాయండి. తిండి పదార్థాలు అమ్మేవారు ఆహార భద్రత సంస్థ దగ్గర పేరు నమోదు చేసుకోండి. చిన్నవారికి సులభమైన రిజిస్ట్రేషన్ ఉంది. ఆ 14 అంకెల సంఖ్యను ప్యాకెట్టు మీద, పేజీ మీద వేయండి.

మోసాల గురించి క్లుప్తంగా. “సైన్యంలో అధికారిని, వంద బిర్యానీలు కావాలి, డబ్బు పంపుతాను, ఈ కోడ్ స్కాన్ చేయండి” అని ఫోను వస్తే అది దొంగే. డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కర లేదు, స్కాన్ చేయనక్కర లేదు. పోయిన డబ్బు గురించి వెంటనే 1930కి ఫోను చేయాలి. గంటలు గడిస్తే తిరిగి రావడం కష్టం.

ఇక మిగిలింది, ఇవన్నీ ఎవరి స్థలంలో కడుతున్నామన్నది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మన స్థలాలు కావు. అద్దె లేని అద్దె ఇళ్లు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను కేంద్ర ప్రభుత్వం నిషేధించినప్పుడు, దాని మీద వేలమంది అభిమానులను కూడబెట్టుకున్నవారు తెల్లవారేసరికి ఒంటరివారయ్యారు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. వీటికంటే మన ఊరి అనుభవమే చాలు. 2022 మే 24న జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకించేవారి ఆందోళన హింసగా మారింది. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. వాట్సాప్ గ్రూపుల ద్వారా జనాన్ని కూడగట్టారని పోలీసులు చెప్పారు. ఆ తరువాత రోజుల తరబడి ఇక్కడ ఇంటర్నెట్ ఆగిపోయింది. ఇంటి నుంచి పని చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ కోసం జిల్లా దాటి వెళ్లారని పత్రికలు రాశాయి. వారికి ఆ దారి ఉంది. క్యూఆర్ కోడ్ మీద నడిచే టీ కొట్టుకు, వాట్సాప్‌లో ఆర్డరు తీసుకునే కుట్టుపని చెల్లికి ఏ దారి ఉంది? చిల్లర లేని ఖాతాదారు వెళ్లిపోతాడు, అంతే. వారి నష్టం ఏ పత్రికా రాయలేదు.

హింసను ఆపవలసిన బాధ్యత ప్రభుత్వానికి ఉంది. దళితుల ఆత్మగౌరవానికి సంబంధించిన ఆ పేరు విషయంలో మనం ఎటు నిలబడాలో మనకు సందేహం లేదు. కానీ ఇంటర్నెట్ ఆపడానికి కూడా ఒక పద్ధతి ఉంది. అనురాధా భాసిన్ కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు ఇంటర్నెట్ ద్వారా వ్యాపారం చేసుకోవడానికి రాజ్యాంగం 19వ అధికరణం రక్షణ ఉందని చెప్పింది. నిరవధికంగా ఆపడం చెల్లదని, ఆపే ఉత్తర్వులను ప్రచురించాలని చెప్పింది. 2024 నవంబరులో వచ్చిన కొత్త నియమాలు కూడా కారణాలతో సహా ఉత్తర్వు ప్రచురించాలనీ, ఒక ఉత్తర్వు 15 రోజులకు మించకూడదనీ అంటున్నాయి. కార్యకర్తలకు ఇక్కడ పని ఉంది. ఇంకెప్పుడైనా ఆగితే ఆ రోజే ఉత్తర్వు ప్రతిని అడగాలి, ప్రచురించకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలి. వ్యాపారులు రోజువారీ నష్టాన్ని తేదీలతో రాసిపెట్టాలి. నష్టం కాగితం మీద లేకపోతే ఏ కోర్టులోనూ, ఏ కలెక్టరు ముందూ అది నష్టం కాదు.

ఈలోపు మన చేతిలో ఉన్నది చేద్దాం. ఖాతాదారుల పేర్లు, నంబర్లు ఒక నోటుపుస్తకంలో రాయండి. ఎవరి కొలతలు ఏమిటి, ఎవరు ఎప్పుడు ఏం కొన్నారు, ఇంట్లో పెళ్లి ఎప్పుడు అన్నది కూడా. ఫోను పోయినా, ఖాతా ఎవరైనా దొంగిలించినా, ఇంటర్నెట్ ఆగినా ఆ పుస్తకం ఉంటుంది, మామూలు ఫోను కాల్ ఉంటుంది. మీ నంబరును ఖాతాదారుల ఫోనులో సేవ్ చేయించండి. వాట్సాప్‌లో ఒకేసారి 256 మందికి పంపే బ్రాడ్‌కాస్ట్ సదుపాయం ఉంది గాని, మీ నంబరు సేవ్ చేసుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. అడగకుండా గ్రూపులలో చేర్చకండి, పొద్దున్నే శుభోదయాలు పంపకండి. నెలకు రెండుసార్లు, పనికి వచ్చే మాట ఉంటేనే పంపండి. “ఈ వారం పెళ్లి జాకెట్లకు ఖాళీ ఉంది అండి” అన్నది పనికి వచ్చే మాట.

జొహర్ నమాజు తరువాత పక్క గదిలో మన కాలేజీ పిల్లలు బల్లలు వేసుకొని కూర్చుంటారు. మీ ఫోనులో బిజినెస్ యాప్ పెట్టి, గూగుల్ పటంలో దుకాణం చేర్చి చూపిస్తారు. పిన్‌లు, ఓటీపీలు మాత్రం వారికి కూడా చెప్పకండి, మీరే కొట్టుకోండి. పని చేస్తుండగా తీసిన ఒక ఫోటో దగ్గర ఉంచుకోండి. లేనివారు భోజనం తరువాత ఇంటికి, దుకాణానికి వెళ్లి తీసుకురండి, సాయంత్రం ఐదు వరకు వారు ఇక్కడే ఉంటారు. ఆపాలు, చెల్లెళ్లు వచ్చే గదిలో అమ్మాయిలే ఉంటారు.